పిల్లలకు కథ చదివి వినిపించేదెవరు?

వసంత పంచమికి బాసర జ్ఞాన సరస్వతి గుడి దగ్గర తెల్లవారకముందే క్యూ కడతారు. అందులో మాదాపూర్, కొండాపూర్, కోకాపేటల నుంచి రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. నాన్న పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెంలో పోసిన బియ్యం మీద చూపుడు వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తాడు. అమ్మ ఫోనులో వీడియో తీస్తుంది. రెండొందల కిలోమీటర్లు ప్రయాణం చేసి మరీ బిడ్డ చేతిలో తెలుగు అక్షరం పెట్టేవాళ్లకు ఆ అక్షరం మీద మమకారం లేదని ఎవరూ అనలేరు. కానీ ఇంటికొచ్చాక ఆ పాప మళ్లీ తెలుగు అక్షరం మొహం చూసేది బడిలో తెలుగు పీరియడ్ మొదలయ్యాకే. అప్పుడూ మార్కుల కోసమే. ఈ మధ్యలో గడిచే రెండు మూడేళ్లలో ఆ పాపకు తెలుగులో ఒక్క బొమ్మల కథైనా చదివి వినిపించినవాళ్లు ఉండరు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఇలాంటి ఇళ్లు కొల్లలు.

గుడి నుంచి వచ్చిన మర్నాటి నుంచి ప్లేస్కూల్. అక్కడ టీచర్ ఏ, బీ, సీ, డీ అని మొదలుపెట్టదు. ఈ ప్రాంతంలో చాలా బడులు వాడే జాలీ ఫోనిక్స్ పద్ధతిలో మొదట నేర్పేవి ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్. వరస తప్పినట్టు కనిపిస్తుంది గానీ దాని వెనక చాలా ఆలోచన ఉంది. ఈ ఆరు అక్షరాల శబ్దాలు వస్తే చాలు, సిట్, పిన్, ట్యాప్, స్నిప్ లాంటి మాటలు కూడబలుక్కుని చదవొచ్చు. అంటే కొద్ది వారాల్లోనే పిల్ల తనంతట తాను ఒక మాట చదివేస్తుంది. నాలుగేళ్ల పసిదానికి అంతకు మించిన సంబరం ఏముంటుంది?

తెలుగు నేర్పేటప్పుడు ఇంత ఆలోచన పెట్టే బడి అరుదు. ముందు యాభై పైచిలుకు అక్షరాలు, తర్వాత గుణింతాలు, ఆ పైన వత్తులు, ఆ పైన మాటలు, ఎప్పటికో ఒక కథ. మొదటి పేజీలోనే 'అ – అమ్మ' అని ఉంటుంది. ఆ 'అమ్మ'లో మావత్తు ఉంది. వరస ప్రకారం వత్తులు రావాలంటే నెలలు పట్టాలి. అందుకే పిల్ల ఆ మాట చదవదు, బొమ్మ చూసి చెప్పేస్తుంది. చదివేసిందని పెద్దవాళ్లు మురిసిపోతారు. అదే క, ల, ప, త, వ అనే ఐదక్షరాలు ముందు నేర్పితే కల, తల, వల, పలక, కలప, కలత అన్నీ గుణింతం లేకుండా, వత్తు లేకుండా చదవొచ్చు. ఈ సంగతి అనుభవమున్న తెలుగు పంతుళ్లకు తెలియనిది కాదు. చార్టుల వాళ్లకూ, యాప్‌ల వాళ్లకూ, సిలబస్ గడువులకూ ఇంకా తెలియాలి.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఏ పిల్ల ఎక్కడుందో అక్కడి కార్డు తీసుకుంటుంది, అది వచ్చాకే తర్వాతి మెట్టు ఎక్కుతుంది. ఒకే టీచరున్న బడిలో, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ కూర్చునే చోట ఆ పద్ధతి పనిచేసింది. కర్ణాటక 'నలి కలి'కీ, తమిళనాడు కృత్యాధార బోధనకూ స్ఫూర్తి అక్కడిదే. పొరుగు రాష్ట్రాలు వచ్చి చూసి వెళ్లి తమ బడుల్లో పెట్టుకున్న పద్ధతి తెలుగు కార్డులతో, తెలుగు పల్లెలో పుట్టింది. సైబరాబాద్‌లో ఫీజు లక్షల్లో వసూలు చేసే బడులు బ్రిటన్ నుంచి ఫోనిక్స్ కిట్లు తెప్పించుకుంటున్నాయి. మంచిదే. తెలుగు పీరియడ్‌కు మాత్రం గోడ మీద వర్ణమాల చార్టుతోనే సరిపెడుతున్నాయి.

తెలుగు లిపికి ఒక వరం, ఒక భారం ఉన్నాయి. వరం ఏమిటంటే, రాసినట్టే పలుకుతాం. యూరప్‌లో పలు భాషల పిల్లల మీద సీమోర్, ఆరో, ఎర్‌స్కిన్ చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి ఫిన్లాండ్ పిల్లలు తెలిసిన మాటల్లో 98 శాతం సరిగ్గా చదివారు. ఇంగ్లిష్‌లో నేర్చుకునే స్కాట్లాండ్ పిల్లలు 34 శాతమే చదవగలిగారు. వాళ్ల తెలివికేం లోటు లేదు, చిక్కంతా ఇంగ్లిష్ స్పెల్లింగులోనే ఉంది. 'పుట్'కూ 'బట్'కూ మధ్యలో అక్షరం ఒకటే అయినా పలుకుబడి వేరని ఏ ఐదేళ్ల పిల్లకు ఎలా నచ్చజెప్పాలి? ఫిన్నిష్ లాగా తెలుగూ నిజాయితీ గల లిపి.

భారం దాని అక్షరాల సంఖ్య. ప–వ, మ–య, ఘ–ఝ లాంటి జంటలు పిల్లల కంటికి ఒకేలా కనిపిస్తాయి. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, కింద వత్తు అన్నీ కలిపితే 'లక్ష్మి' అనే చిన్న పేరులోనే ఒక బొత్తి ఉంటుంది. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం పిల్లలకు నాలుగో తరగతి నాటికి కూడా అక్షరాలన్నిటి మీదా పట్టు చిక్కలేదు. ఉస్మానియాలో దుగ్గిరాల వసంత తెలుగు పిల్లలు లిపిని పట్టుకునే తీరు మీద ఇలాంటి అధ్యయనమే చేశారు. వీటి నుంచి తల్లిదండ్రులు పట్టుకోవాల్సిన మాట ఒకటే. తెలుగు చదవడం ఆలస్యంగా వస్తే పిల్లకు తెలివి తక్కువని బెంగపడొద్దు. అక్షరాలన్నీ వచ్చేదాకా కథ పుస్తకం దాచిపెట్టనూ వద్దు. ఆ మూడు నాలుగేళ్లూ కథలు వింటూ ఉండాలి, అక్షరాలు నేర్చుకుంటూ ఉండాలి. రెండూ ఒకేసారి సాగాలి.

ఎందుకు సాగాలంటే, చదవడమనేది రెండు పనుల లబ్ధం. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని గుణకారంగానే చెప్పారు. అక్షరాన్ని మాటగా మార్చుకోగల నేర్పును, విన్న మాటను అర్థం చేసుకోగల శక్తితో గుణించాలి. కూడిక కాదు, గుణకారం. రెంటిలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. ఐటీ కారిడార్‌లో ఈ రెండు సున్నాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

పుప్పాలగూడ, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడల్లో లేస్తున్న టవర్ల పక్కన రేకుల షెడ్లున్నాయి. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బిహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు వాటిలో ఉంటాయి. తల్లి టవర్లలో ఇంటి పనికి వెళ్తుంది, తండ్రి సెంట్రింగ్ పనికో సెక్యూరిటీ డ్యూటీకో వెళ్తాడు. పిల్లలు దగ్గర్లోని సర్కారు బడికో, గల్లీలోని చిన్న ప్రైవేటు బడికో పోతారు. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తల్లిదండ్రులు కోరుకున్నదే అది. తమ బతుకు తమ పిల్లలకు వద్దనుకునే తల్లి ఇంగ్లిష్ అడగడంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

ఆ తరగతి గదిలోకి వెళ్లి వెనక బెంచీలో కాసేపు కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. మూడో తరగతి పిల్ల నిలబడి దాహం వేసిన కాకి పాఠం ఇంగ్లిష్‌లో గడగడా చదువుతుంది. వేలు అక్షరం మీదే ఉంటుంది, ఒక్క మాటా తప్పిపోదు. కాకి కుండలో ఏం వేసిందని టీచర్ ఇంగ్లిష్‌లోనే అడుగుతుంది. పిల్ల పుస్తకంలోకి చూసి అదే వాక్యం మళ్లీ చదువుతుంది. అదే ప్రశ్న తెలుగులో అడిగితే పుస్తకం పక్కన పెట్టేస్తుంది. రెండు చేతులూ కుండలా చేసి, ఒక్కొక్క గులకరాయీ వేసి చూపించి, నీళ్లు పైకెలా వచ్చాయో చెప్పి, వాళ్లూళ్లో బోరింగు దగ్గర కాకులు ఏం చేస్తాయో కూడా కలుపుతుంది. కథ ఆ పిల్లకు తెలుసు. ఆలోచనా ఉంది. కాగితం మీదున్న మాటలే ఆ కథకు చేరలేదు.

దీన్ని చదవడం అనకూడదు. ఈ పిల్ల ఐదో తరగతికొచ్చేసరికి సైన్సు పాఠం బట్టీ పడుతుంది, ఏడులో గైడు కొంటుంది, తొమ్మిదిలో తనకు చదువు రాదని తనే అనుకుంటుంది.

లెక్కలూ ఇదే చెబుతున్నాయి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న 'అసర్' సర్వేలో వాలంటీర్లు ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత ముందు అక్షరాలు, తర్వాత మాటలు, తర్వాత చిన్న పేరా, చివరికి రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. దేశం మొత్తమ్మీద సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. తెలంగాణలో నూటికి పది మంది కూడా లేరు. అసర్ పల్లెలకే పరిమితం, హైదరాబాద్‌కు రాదు. అయితే సైబరాబాద్ షెడ్లలో పిల్లలు ఆ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. పైగా ఏడాది మధ్యలో బడి మారినవాళ్లు, చెల్లినో తమ్ముడినో చూసుకోవడానికి నాగా పెట్టేవాళ్లు కూడా వీళ్లలోనే ఎక్కువ.

ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపితే తీరిపోతుందా? కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకూ వాళ్లకూ తేడా లేదు. ప్రైవేటు పిల్లలు ముందున్నది హిందీలో, అది సర్కారు ప్రాథమిక బడుల్లో చెప్పని సబ్జెక్టు. రెక్కలు ముక్కలు చేసుకుని ఫీజు కట్టే తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక టవర్ల పైకి వెళ్దాం. అక్కడి పిల్ల రెండో తరగతికల్లా ఇంగ్లిష్ కథలు పుస్తకాలకు పుస్తకాలు చదివేస్తుంది. అమ్మానాన్నలు కష్టపడి కొనిచ్చారు, రాత్రిపూట చదివి వినిపించారు. ఆ శ్రమకు ఫలితం దక్కింది. ఆ పిల్లే ఖమ్మం నుంచి వచ్చిన అమ్మమ్మతో తెలుగులో గంటలు గంటలు కబుర్లు చెబుతుంది కూడా. తెలుగు వింటుంది, మాట్లాడుతుంది, అర్థం చేసుకుంటుంది. అంటే కష్టమైన సగం ఇంట్లోనే ఊరికే వచ్చేసింది. మిగిలిన సగం, అక్షరం పట్టుకోవడం, ఓపికగా చేయిస్తే వచ్చే పని. ఆ పని చేయించకపోవడం వల్ల ఆ పిల్లకు అమ్మమ్మ పుస్తకాల బీరువా మూతపడిపోతోంది. ఇది పేదరికం వల్ల వచ్చిన లోటు కాదు కాబట్టి ఇంకా బాధ కలిగిస్తుంది.

ప్రభుత్వం దీన్ని చట్టంతో సరిదిద్దాలని చూసింది. 2018లో తెచ్చిన చట్టం అన్ని బోర్డుల బడుల్లోనూ పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది. తెలుగు మాతృభాష కానివాళ్ల కోసం తొమ్మిది, పది తరగతుల్లో 'వెన్నెల' అనే తేలిక వాచకం పెట్టాలని 2025లో నిర్ణయించారు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలకు అది న్యాయమే. తెలుగిళ్ల పిల్లలకూ పద్నాలుగో ఏట ఆ తేలిక వాచకమే దిక్కయితే, తప్పు ఆరో ఏట జరిగిందని ఒప్పుకోవాలి. చట్టం పీరియడ్ ఇవ్వగలదు, మార్కులు పెట్టగలదు. రాత్రి పడుకునే ముందు కథ చదివి వినిపించే పని దానివల్ల కాదు.

ఆ పని ఎలా చేయాలో కూడా పరిశోధనలున్నాయి. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఒక చిన్న మార్పు నేర్పింది. కథ చదువుతూ పోవద్దు, మధ్యలో ఆగి ప్రశ్న అడగండి, పిల్ల చెప్పినదానికి ఇంకో మాట కలిపి తిరిగి చెప్పండి అంది. నెల రోజులకే ఆ పిల్లల మాటతీరు తోటివాళ్ల కంటే బాగా ముందుకెళ్లింది.

తెలుగింట్లో అది ఎలా ఉంటుందంటే, అమ్మమ్మో తాతయ్యో పెద్దక్షరాల పుస్తకం తెరుస్తారు. పిల్ల పక్కన కాకుండా ఒళ్లో కూర్చుంటుంది, ఇద్దరికీ పేజీ ఒకేవైపు నుంచి కనిపించాలి. వేలు వాక్యం కింద నెమ్మదిగా నడుస్తుంది. 'ఏనుగు చెరువు దగ్గరికి వెళ్లింది' అని చదివి ఆగుతారు. "ఎందుకు వెళ్లిందే బుజ్జీ?" "నీళ్లకి." "నీళ్లకేనా? బొమ్మలో ఇంకా ఎవరున్నారో చూడు." "కప్ప!" "ఆఁ, గట్టు మీద పచ్చగా కూర్చున్న కప్ప. ఇప్పుడేం జరుగుతుందంటావ్?" పేజీ తిప్పుతారు. రేపు మళ్లీ అదే పుస్తకం కావాలంటుంది. ఎల్లుండీ అదే. విసుక్కోకూడదు. పదోసారి వినేటప్పటికి ఆ వాక్యం పిల్లకు కంఠతా వచ్చేస్తుంది, అప్పుడు 'ఏనుగు' అన్న మాట మీద వేలు పెట్టి అదేమిటని అడగొచ్చు. 'ఏ' ఎక్కడుంది, 'గు' ఎక్కడుంది అని వెతికించొచ్చు. తప్పు చదివితే వెంటనే దిద్దాల్సిన పని లేదు, వాక్యం పూర్తి కానిచ్చి ఇంకోసారి కలిసి చదివితే చాలు. పదిహేను నిమిషాలు సరిపోతాయి.

సైబరాబాద్‌లో ఈ పదిహేను నిమిషాలే కరువు. రాత్రి ఏడున్నర నుంచి పది దాకా అమెరికా కాల్స్. అమ్మ ఒక గదిలో, నాన్న ఇంకో గదిలో హెడ్‌సెట్లు పెట్టుకుని ఉంటారు. పిల్ల చేతికి ట్యాబ్. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, ఉద్యోగం అలాంటిది. అయితే ఆ ఇళ్లలోనే పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన నానమ్మలు, అమ్మమ్మలు, రిటైరైన తాతయ్యలు ఉంటారు. ఊళ్లో స్నేహితుల్ని వదిలి ఇరవయ్యో అంతస్తుకు వచ్చి, సాయంత్రాలు కింద పార్కులో బెంచీ మీద కూర్చునేవాళ్లు. వాళ్లలో చాలామందికి తెలుగు చదవడం బాగా వచ్చు, చందమామ నెలనెలా ఎదురుచూసి చదివిన తరం అది. కమ్యూనిటీ క్లబ్‌హౌసులో జిమ్ముకూ స్నూకర్ టేబుల్‌కూ చోటుంది. వారానికి రెండు సాయంత్రాలు ఓ మూల చాప పరిచి, ఈ పెద్దవాళ్ల చేత పదిమంది పిల్లలకు కథలు చదివించడానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు పెద్ద ఖర్చేమీ అవదు.

మరి చదువురాని తల్లి? రేకుల షెడ్డులో ఆమె ఏం చేయగలదు? చాలా చేయగలదు. గుణకారంలో రెండో సగం, అంటే మాటను అర్థం చేసుకునే శక్తి, ఆమె చెప్పే కథతో, పాటతో, సామెతతో పెరుగుతుంది. పిల్ల బడి నుంచి తెచ్చిన పుస్తకం ఆమె ముందు చదివితే "తర్వాతేమైంది బిడ్డా?" అని అడగడానికి ఆమెకు అక్షరం అక్కర్లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్ల అర్థమయ్యేలా చదవాల్సిందే. ఆ పుస్తకం ఆమెకు తెలిసిన భాషలో ఉండాలన్నదొక్కటే షరతు.

ఇంగ్లిష్ మీడియం పుస్తకాల్లో తెలంగాణ ఒక మంచి పని చేసింది. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో అచ్చేసింది. ఇంగ్లిష్ అవసరం లేదని చెప్పకుండా, తెలుగు వదలమని కూడా చెప్పకుండా మధ్యేమార్గం చూపింది. కానీ ఆ ఎదురు పేజీ వాడుకోవాలంటే పిల్లకు తెలుగు చదవడం రావాలి. 2022 ఆగస్టులో సర్కారు బడుల్లో మొదలైన 'తొలిమెట్టు' కార్యక్రమం ఆ పనికోసమే. దేశవ్యాప్తంగా 'నిపుణ్ భారత్' పెట్టుకున్న లక్ష్యం 2026–27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం అరవై మాటలు చదవాలని. అర్థం చేసుకుంటూ అన్న మాటను వదిలేసి, నిమిషాలు, మాటలు లెక్కపెట్టే పరీక్షగా దాన్ని మార్చేస్తే కాకి కథ చదివిన పిల్ల కూడా ఆ లెక్కలో పాసవుతుంది.

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం 2013లో నాలుగో తరగతి చదువు పరీక్షలో యాభై రాష్ట్రాల్లో నలభై తొమ్మిదోది. ఆ ఏడాది చట్టం చేసి, ప్రాథమిక టీచర్లకు చదవడం ఎలా నేర్పాలో మళ్లీ శిక్షణ ఇచ్చి, వెనకబడిన బడులకు కోచ్‌లను పంపి, 2024 నాటికి తొమ్మిదో స్థానానికి చేరింది. డబ్బున్న రాష్ట్రం కాదది. టీచర్ పక్కన కూర్చుని నేర్పే మనిషిని పెట్టడం అక్కడ ఫలితమిచ్చింది. ఇక్కడ తొలిమెట్టుకు కావాల్సిందీ అలాంటి తోడే. నెలకో సమీక్ష సమావేశం, రెండు రిజిస్టర్లు ఆ తోడు కాలేవు.

మాతృభాషలో చెప్పడం కుదరదని, ఒకే తరగతిలో నాలుగు భాషల పిల్లలుంటారని బడులు అంటాయి. సమస్య నిజమే. అయినా దారి ఈ రాష్ట్రంలోనే ఉంది. హైదరాబాద్ చుట్టూ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి ఏటా కుటుంబాలు వస్తాయి. వాళ్ల పిల్లల కోసం బట్టీల దగ్గరే ఒడియా పుస్తకాలతో, ఒడియా టీచర్లతో వర్క్‌సైట్ బడులు నడిపారు. ఊరికి తిరిగి వెళ్లాక పిల్ల అక్కడి తరగతిలో కలిసిపోయేలా ఏర్పాటు చేశారు. మట్టి తొక్కే చోట అది చేయగలిగినప్పుడు గాజు టవర్లు లేచే చోట ఎందుకు కుదరదు? పెద్ద బిల్డర్లకు లేబర్ క్యాంపులో ఒక గది, సాయంత్రం మూడు గంటల పాటు ఒకరిద్దరు టీచర్ల జీతం భారమేమీ కాదు.

పుస్తకాలు లేవనే మాటా ఇప్పుడు చెల్లదు. తార్నాకలోని 'మంచి పుస్తకం' పిల్లలకు తెలుగులో తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు ఏళ్లుగా వేస్తోంది. చెన్నై 'తూలిక' తెలుగు–ఇంగ్లిష్ రెండూ ఒకే పేజీలో ఉండే పుస్తకాలు తెస్తోంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల 'స్టోరీవీవర్' 2015 నుంచి ఉచితం. తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ, ఉర్దూల్లో స్థాయిలవారీగా కథలు దించుకోవచ్చు, ప్రింటు తీసి పంచొచ్చు. డిసెంబర్‌లో పుస్తక ప్రదర్శనకు వెళ్తే ఒక్క సాయంత్రంలో ఇంటి బీరువా నిండుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు సిలికానాంధ్ర మనబడి పేరుతో 2007 నుంచి శని, ఆదివారాలు పిల్లల్ని కార్లలో తీసుకెళ్లి తెలుగు నేర్పిస్తున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న మేనకోడలు తెలుగు వాచకం చదువుతుంటే కొండాపూర్‌లో ఉన్న పిల్ల బస్సు మీద బోర్డు చదవలేకపోవడం మన అలసత్వమే.

యాప్‌ల గురించి ఈ ప్రాంతంలో మాట్లాడకుండా ఉండలేం. గూగుల్ వాళ్ల 'రీడ్ అలాంగ్' పిల్ల తెలుగులో బయటికి చదువుతుంటే విని, తప్పిన మాట దగ్గర సాయం చేస్తుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో ప్రాథమిక బడుల్లో ఏఐ సాయంతో చదవడం నేర్పే కార్యక్రమం మొదలుపెట్టింది. ముప్పైమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి చదువూ విడివిడిగా వినే ఓపిక టీచర్‌కున్నా తీరిక ఉండదు. ఆ వినే పని యంత్రం చేస్తే మేలే. కానీ 'ఇప్పుడేం జరుగుతుందంటావ్?' అని అడిగి, పిల్ల చెప్పిన వింత జవాబుకు నవ్వి, దాన్నే ఇంకో కథగా అల్లే పని మనిషిదే. యంత్రం వచ్చింది కదా అని బడి లైబ్రరీ గది ఖాళీ చేసి కంప్యూటర్లు పెడితే మాత్రం అది నష్టమే.

బడి బయట చూస్తే లైబ్రరీలూ కరువే. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఇక్కడికి దూరంగా ఉన్నాయి. ఐటీ కారిడార్‌లో ఎనిమిదేళ్ల పిల్ల నడిచి వెళ్లి, నేల మీద కూర్చుని బొమ్మల పుస్తకం తిరగేసే సర్కారు గది వెతుక్కోవాల్సిందే. డబ్బు లేక కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్ వసూలవుతోంది. టవర్లన్నీ కడుతున్న పన్నులో అది ఉంది. రసీదు తీసి చూస్తే ఓ వరసలో కనిపిస్తుంది. వసూలైన సెస్ గ్రంథాలయ సంస్థలకు చేరకుండా ఆగిన బకాయిల సంగతి ఏళ్లుగా పత్రికల్లో వస్తూనే ఉంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నీటి ట్యాంకర్ల కోసం, రోడ్ల కోసం కమిషనర్ దగ్గరికి వెళ్తున్నాయి. ఈసారి రంగారెడ్డి జిల్లా గ్రంథాలయ సంస్థకు కూడా ఒక అర్జీ పెట్టాలి. తమ కాలనీల నుంచి గత ఐదేళ్లలో ఎంత సెస్ వసూలైంది, అందులో గ్రంథాలయాలకు ఎంత చేరింది అని అడగాలి. అది సమాచార హక్కు చట్టం కింద అడగదగ్గ ప్రశ్నే. శేరిలింగంపల్లిలో టవర్లకూ షెడ్లకూ నడిచి వెళ్లే దూరంలో పిల్లల గది ఒకటి తెరవమని కోరాలి. బడి వదిలాక నాలుగు నుంచి ఎనిమిది దాకా, ఆదివారం పొద్దంతా అది తెరిచి ఉండాలి. అందులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, ఇంగ్లిష్ పుస్తకాలు కింది అరల్లోనే ఉండాలి, పిల్లల చేతికి అందేలా. చదివి వినిపించడానికి రిటైరైన టీచర్లను గౌరవ వేతనంతో పెట్టుకోవాలి. కంపెనీలు సీఎస్‌ఆర్ కింద గోడలకు రంగులేసి ఫొటోలు దిగే రోజు బదులు, అదే ఉద్యోగులు వారానికో గంట ఆ గదిలో కూర్చుంటామంటే జాబితా రాసుకోవడానికి అసోసియేషన్ సెక్రటరీ ఒక్కరు చాలు.